ఒక్కొక్కరికి ఒక్క పుస్తకం

చెన్నై నుంగంబాకంలో కాలేజీ రోడ్డు మీద, విద్యాశాఖ కార్యాలయాల ఆవరణలో ఒక ఎర్రరంగు మేడ ఉంది. లోపల గోడల నిండా ఎత్తైన పుస్తకాల అరలు. పై వరసలు అందాలంటే నిచ్చెన ఎక్కాల్సిందే. 1812లో పుట్టిన మద్రాస్ లిటరరీ సొసైటీ గ్రంథాలయం అది. 1619లో అచ్చయిన అరిస్టాటిల్ రచనలు కూడా అక్కడున్నాయి. చాలా ఏళ్లు ఆలనాపాలనా కరువైన ఆ పుస్తకాలకు మళ్లీ మంచిరోజులు తెచ్చింది ఒక చిన్న ఆలోచన. పుస్తకాన్ని దత్తత తీసుకోవడం!

ఆ ఆలోచన విన్నప్పుడు తెలుగువాళ్లకు గుర్తురావలసిన మనిషి ఒకరున్నారు. ఆయన కథ కూడా ఈ సొసైటీతో ముడిపడినదే. అది కొంచెం ముందునుంచి చెప్పాలి.

కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటివారు ఊరూరా తిరిగి సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం కైఫీయతులు (ఊళ్ల చరిత్రలు), శాసనాల నకళ్లు, తాళపత్రాలు పోగుచేశారు. 1821లో మెకంజీ పోయాడు. ఆ రాశిలో దక్షిణ భాషలకు చెందిన భాగం కొన్నేళ్లకు మద్రాసు చేరి, ఈ సొసైటీ సంరక్షణలోకి వచ్చింది. మరోవైపు కడపలో ఆ గుర్తురావలసిన మనిషి, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, తన బంగళాలో పండితులను, లేఖకులను కూర్చోబెట్టి తెలుగు కావ్యాల ప్రతులు సేకరించసాగాడు. దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం, పాఠం సరిచూడడం, శుద్ధప్రతి రాయించడం అక్కడి పని. జీతాలు ఆయన జేబులోంచే. అప్పులు చేసి మరీ ఇచ్చాడు. సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు కంపెనీ కార్యాలయమైన ఇండియా హౌస్‌లో మూలపడి ఉన్న మన తాళపత్రాలు కంటపడితే, వాటిని మద్రాసుకు తిప్పి పంపించాడు. చివరకు 1845లో తన సేకరణను ఈ సొసైటీకే అప్పగించాడు.

సొసైటీ తన దగ్గరున్నది దాచుకుని కూర్చోలేదు. అది ఇచ్చిన సుమారు 1,100 రాళ్లు, ఖనిజాల నమూనాలతో 1851లో మద్రాసు మ్యూజియం మొదలైంది. రాతప్రతులు కాలక్రమాన చేతులు మారి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. ఇలా రెండు సంస్థలకు పురుడు పోసిన ఇంట్లో చివరకు మిగిలినవి అచ్చు పుస్తకాలు. నగరంలో వేరే గ్రంథాలయాలు పెరిగాయి, చందా కట్టే సభ్యులు తరిగారు. దుమ్ము పేరుకుంది.

పాత పుస్తకం పాడవడంలో ఒక విచిత్రం ఉంది. నాలుగు వందల ఏళ్లనాటి కాగితం గుడ్డపేలికలతో చేసినది కనుక గట్టిగా నిలుస్తుంది. పంతొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో వచ్చిన కర్రగుజ్జు కాగితం లోపలి ఆమ్లానికి తానే పసుపుబారి, పట్టుకుంటే పెళుసుగా విరిగిపోతుంది. బాగుచెయ్యడం ఓపిక పని. కట్టు విప్పాలి, ఒక్కొక్క పుట దుమ్ము మెత్తని కుంచెతో దులపాలి, తడికి సిరా కరుగుతుందో లేదో చూడాలి. ఆమ్లం విరిచి, చిరుగుల మీద పలచని టిష్యూ కాగితం పిండిజిగురుతో అతికించాలి. ఆరాక మళ్లీ కుట్టి, అట్ట కట్టాలి. పుస్తకం ఒకటైతే చెయ్యొచ్చు. వేలకు వేలంటే గుండె జారుతుంది, చెయ్యి ఆడదు.

దత్తత ఆలోచన తీర్చింది సరిగ్గా ఆ చిక్కునే. గ్రంథాలయమంతా బాగుచేయించండి అంటే ఎవరూ ముందుకు రారు. ఈ ఒక్క పుస్తకం ఖర్చు మీరు భరించండి అంటే వస్తారు. అలా ఈ పదేళ్లలో ఒక్కొక్కరు ఒక్కో పుస్తకానికి పెద్దదిక్కయ్యారు. బాగుపడ్డ పుస్తకాన్ని చూడటానికి వచ్చినవాళ్లు సభ్యులుగా చేరారు, స్వచ్ఛందంగా పనిలోకి దిగారు. పుస్తకాలకు చికిత్స చెయ్యబోతే సొసైటీకే ప్రాణం లేచొచ్చింది.

మన దగ్గరా వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల పాత పుస్తకాల నిధులున్నాయి. వాటిని తలచుకుని నిట్టూర్చడం తేలిక. ఇన్నిట్లో నేనేం చెయ్యగలను అని చేతులు ముడుచుకోవడం ఇంకా తేలిక. బ్రౌన్ ముందు కూడా అప్పుడు ఒక సాహిత్యమంతా చెదలపాలై ఉంది. ఆయన దాన్నంతా ఒక్కసారి నెత్తికెత్తుకోలేదు. ఒక్క వేమనను పట్టుకున్నాడు. దొరికిన ప్రతులన్నీ చూసి, పద్యాలు ఏరి, 1829లో అచ్చువేశాడు. మిగతా కవులందరూ ఆ వెనకే వచ్చారు.