గవర్నర్ వెనక్కి పంపిన భూమి బిల్లులు

మనకు 1/70 చట్టం ఎలాగో, జార్ఖండ్‌లోని ముండా, ఓరావ్‌లకు 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం అలాగ. బిర్సా ముండా ఉల్గులాన్ రగిలిన నేల అది. సంతాల్ పరగణాలకు 1949లో మరో చట్టం వచ్చింది.

2016 నవంబరులో రఘుబర్ దాస్ ప్రభుత్వం ఈ రెండింటికీ సవరణ బిల్లులను శాసనసభలో నెగ్గించుకుంది. ఆదివాసీ సాగుభూమిని వ్యవసాయేతర పనులకూ వాడుకోవచ్చన్నది అందులో ముఖ్యం. హక్కు ఆదివాసిదేనని సర్కారు నచ్చజెప్పింది. అరక కట్టని భూమి ఎన్నాళ్లు మనదిగా ఉంటుంది? అక్కడి ఊళ్ల భయం అదే. అంతకు నెల ముందే ఖూంటి జిల్లాలో, రాంచీ సభకు బయలుదేరినవాళ్లపై పోలీసులు కాల్పులు జరిపారు. ఒకరు చనిపోయారు.

అప్పటి గవర్నర్ ద్రౌపది ముర్ము, సంతాల్ బిడ్డ. ఆమెకు వినతిపత్రాలు గుట్టగా చేరాయి. 2017లో బిల్లులను తిప్పిపంపుతూ ఆమె అడిగింది ఒకటే: వీటివల్ల ఆదివాసులకు ఒరిగేదేమిటి? ఆమెను నియమించిన కేంద్రంలోనూ, బిల్లులు తెచ్చిన రాంచీలోనూ ఒకే పార్టీ ఏలుబడి అని మనం గుర్తుంచుకోవాలి. పైగా 200వ అధికరణం ప్రకారం సభ మళ్లీ ఆమోదిస్తే గవర్నర్ కాదనడానికి లేదు. అయినా సర్కారు ఆ దారి పట్టలేదు. ఆ ఆగస్టులోనే వెనక్కి తగ్గింది.