బొంతగోడల నగరం

ధజ్జీ దేవారీ అన్న మాట ఎప్పుడైనా విన్నారా? కాశ్మీరులో ఒకరకం గోడకి పేరు. పార్శీ నుంచి వచ్చిన మాట. ధజ్జీ అంటే గుడ్డపేలిక, దేవారీ అంటే గోడ వ్యవహారం. కలిపితే అచ్చం మన బొంత. మా అమ్మమ్మ పాత చీరల ముక్కలన్నీ అతికి కుట్టిన బొంతని గోడగా నిలబెట్టారనుకోండి, అదన్నమాట. సన్నని కర్రలతో చట్రం కడతారు. దాన్ని నిలువుగా, అడ్డంగా, ఐమూలగా మళ్ళీ చిన్న చిన్న గళ్ళు చేస్తారు. ఒక్కో గడిలో ఇటుకలో, రాతిముక్కలో పెట్టి మట్టి అడుసుతో పూడుస్తారు. గోడ మందం ఒక ఇటుక వెడల్పే. చూస్తే "ఇదేం గోడండీ, గట్టిగా తుమ్మితే పడేట్టుంది" అనిపిస్తుంది.

కానీ పడలేదు. ఆ కథ చెబుదామనే ఈ టపా.

హిమాలయాల్లో ఇళ్ళు అనగానే పర్యాటక శాఖ క్యాలెండర్లో బొమ్మ గుర్తొస్తుంది మనకి. కొండవాలు, పలకరాయి కప్పు, చెక్క వసారా. పల్లెటూరి బొమ్మ. అందుకే "ఆ పద్ధతులు పల్లెలకి బావుంటాయి, నగరాలకెలా కుదురుతాయి" అనేది చాలామంది వాదన. శ్రీనగర్ పాతబస్తీ మాటేమిటి మరి? జీలం నది రెండు గట్ల మీదా మూడంతస్తులు, నాలుగంతస్తులు, ఒకదాన్నొకటి ఆనుకుని, సందులు సందులుగా పరుచుకున్న అసలు సిసలు నగరం అది. పైగా కింద నేల పాత సరస్సు అడుగున పేరుకున్న మెత్తటి మట్టి. అలాంటిచోట బరువైన రాతి గోడ కడితే ఒక పక్క కుంగుతుంది. కాబట్టి అక్కడివాళ్ళు రెండు పద్ధతులు పాటించారు. ఒకటి ఈ ధజ్జీ. రెండోది తాక్. ఇందులో లావుపాటి ఇటుక స్తంభాలు లేపి, వాటి మధ్య కిటికీలు, పల్చటి గోడలు పెడతారు. ప్రతి అంతస్తు దగ్గరా గోడ పొడుగునా నిచ్చెన పడుకోబెట్టినట్టు కర్ర దూలాలు వేసి బిగిస్తారు. కప్పు మీద భూర్జపత్రం పరిచి, దాని మీద మట్టి పోసేవాళ్ళు. వసంతంలో ఇళ్ళ కప్పుల మీద తులిప్ పూలు పూసేవట. ఇప్పుడవన్నీ రేకులైపోయాయి లెండి.

1885 మే 30న కాశ్మీరు లోయలో పెద్ద భూకంపం వచ్చింది. సుమారు 3,000 మంది చనిపోయారు. అప్పుడక్కడ ఆర్థర్ నీవ్ అనే ఇంగ్లీషు డాక్టరుండేవాడు. తర్వాత 1913లో వచ్చిన తన పుస్తకంలో ఆయన గమనించిందేమిటంటే, రాజభవనంలో కొంత భాగమూ కొన్ని బరువైన పాత కట్టడాలూ కూలాయి గానీ, శ్రీనగర్ ఇళ్ళు ఆశ్చర్యంగా చాలా తక్కువ పడ్డాయని. దానికి కారణం కూడా రాశాడు. కర్ర బాగా వాడతారు, కీళ్ళు చక్కగా కుదురుస్తారు, సున్నానికి బదులు మట్టి వాడతారు కాబట్టి ఇటుకల మధ్య కాస్త సాగే గుణం ఉంటుంది, అందువల్ల నాలుగంతస్తుల ఇల్లైనా మొత్తం ఒక్కటిగా ఊగుతుంది అని. ఆయన సివిల్ ఇంజనీరు కాదు, వైద్యుడు. అయినా ఇవాళ ఇంజనీర్లు చెప్పేది దాదాపు ఇదే.

ఇక్కడ కాస్త ఆగి చూద్దాం, ఎందుకంటే అసలు కిటుకంతా ఇందులోనే ఉంది. భూమి కదిలినప్పుడు ఇంట్లోకి వచ్చే శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. సిమెంటుతో బిగించిన ఇటుక గోడ కదలనని మొరాయిస్తుంది. ఒక హద్దు దాటాక ఒక్కసారిగా పెద్ద పగులు పడి కూలుతుంది. బొంతగోడలో అలాక్కాదు. మట్టి బలహీనమైనది కాబట్టి ప్రతి గడిలోనూ ఇటుకలు కొంచెం జరుగుతాయి, రాసుకుంటాయి, వేల చిన్న చిన్న పగుళ్ళు పడతాయి. శక్తంతా ఆ రాపిడిలో ఖర్చయిపోతుంది. కర్ర చట్రం మాత్రం ఏ గడీ ఊడి బయటికి రాకుండా పట్టుకుంటుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఒక మాడ్యూల్ పోయినా సిస్టమ్ మొత్తం పడిపోకుండా డిజైన్ చెయ్యడం. భూకంపం వెళ్ళిపోయాక రాలిన అడుసు మళ్ళీ మెత్తితే సరి.

1755లో లిస్బన్ నగరం భూకంపంలో నేలమట్టమయ్యాక, పోర్చుగల్ మంత్రి పొంబాల్ కొత్త ఇళ్ళ గోడల్లో కర్ర పంజరాలు ఉండాలని నియమం పెట్టించాడు. నమూనా చట్రం చుట్టూ సైనికుల చేత కవాతు చేయించి, అది తట్టుకుంటుందో లేదో చూశారని చెబుతారు. అటు లిస్బన్‌కీ ఇటు శ్రీనగర్‌కీ దూరం చూడండి, ఆలోచన చూడండి.

హిమాచల్‌లో పద్ధతి వేరు. కాఠ్ కుణి అంటారు. కాఠ్ అంటే కర్ర, కుణి అంటే మూల. ఒక వరస దేవదారు దూలాలు, దాని మీద ఒక వరస రాయి, మళ్ళీ దూలాలు. మధ్యలో సున్నం లేదు, మట్టి కూడా లేదు. మూలల్లో దూలాలు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. కింద పశువులు, పైన మనుషులు. పైకి పోయేకొద్దీ రాయి తగ్గి కర్ర పెరుగుతుంది కాబట్టి బరువంతా కిందే ఉంటుంది. 1905 ఏప్రిల్ 4 తెల్లవారి కాంగ్రా భూకంపంలో 20,000 మంది దాకా పోయారు. కాంగ్రా కోట, వజ్రేశ్వరి గుడి కూలిపోయాయి. కుల్లూ లోయలో నగ్గర్ కోట, కాఠ్ కుణి పద్ధతిలో కట్టినది, నిలిచింది. ఇప్పుడది హోటలు. ఉత్తరాఖండ్ యమునా లోయలో కోటీ బనాల్ అనే ఊళ్ళో ఇలాగే రాయీ కర్రా కలిపి కట్టిన అయిదంతస్తుల ఇల్లుంది. 1991 ఉత్తరకాశీ భూకంపం తర్వాత కూడా అక్కడే ఉంది.

దీన్నిబట్టి "చూశారా, మన పూర్వీకులకి అన్నీ తెలుసు" అని మెయిల్ ఫార్వర్డ్ చేసేవాళ్ళకి ఒక మాట. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూరు భూకంపం. హైదరాబాదులో కూడా మంచాలు ఊగాయని మనలో చాలామందికి గుర్తే. ఆ భూకంపం తీవ్రత 6.2, కాంగ్రా ముందు చాలా చిన్నది. అయినా దాదాపు 10,000 మంది చనిపోయారు. అవీ పాతకాలపు పద్ధతి ఇళ్ళే. మట్టితో పేర్చిన లావుపాటి రాతిగోడలు, కర్ర స్తంభాల మీద అడుగుల మందాన మట్టి మిద్దె. మన రాయలసీమ మిద్దెలకి దగ్గర చుట్టాలే. వేసవిలో చల్లగా ఉంటాయి, నిజమే. కానీ ఆ గోడల్లో పట్టీలాగా బిగించే కర్ర లేదు. గోడ విడిపోయింది, రాళ్ళూ మిద్దె మట్టీ నిద్రపోతున్నవాళ్ళ మీద పడ్డాయి. తరచుగా భూమి కదిలేచోట జనం దూలాలు వేయడం నేర్చుకున్నారు. ఎప్పుడో గాని కదలనిచోట నేర్చుకునే అవసరం రాలేదు. కాబట్టి పాతదా కొత్తదా అన్నది కాదు ప్రశ్న.

నేనుండే కాలిఫోర్నియాలో ఇళ్ళన్నీ కర్రవే. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు మొదటిరోజే గోడ మీద వేలితో కొట్టి చూసి "ఇదేంటమ్మా, అట్టపెట్టెలా ఉంది, దీనికా ఇంత రేటు?" అంటారు. గోడ బరువుగా ఉంటేనే ఇల్లు గట్టిదన్న నమ్మకం మనలో అంత లోతుగా ఉంది.

మరి ఇంత మంచి పద్ధతులు ఎందుకు పోయాయి? సిమెంటు ఫ్యాషన్ ఒక్కటే కారణం కాదు. దేవదారు పోయింది. కాళిదాసు రఘువంశంలో శివుడు కొడుకులా పెంచుకున్న చెట్టది. ఇంగ్లీషువాళ్ళకి అది స్లీపరు. రైలుమార్గం మైలుకి 2,000 స్లీపర్ల దాకా కావాలి, పది పన్నెండేళ్ళకి మార్చాలి. మందు పూయకుండానే చెదకి, వానకి తట్టుకునేవి టేకు, సాల, దేవదారు అంతే. గఢ్వాల్‌లో ఫ్రెడరిక్ విల్సన్ అనే సైన్యం వదిలేసిన మనిషి తెహ్రీ రాజు దగ్గర అడవి గుత్తకి తీసుకుని, దుంగలు నరికి గంగలో తేల్చి దిగువకి పంపి, సొంత నాణేలు కొట్టించుకునేంత ధనవంతుడయ్యాడు. 1864లో అటవీశాఖ వచ్చింది. అడవి సర్కారుదైంది. కుల్లూలో 1886 సెటిల్‌మెంటులో రైతులకి ఇల్లు కట్టుకోవడానికి నామమాత్రపు ధరకి చెట్టు ఇచ్చే హక్కు మిగిల్చారు. స్వాతంత్ర్యం తర్వాత కూడా గుత్తేదార్ల నరుకుడు ఆగలేదు. చిప్కో ఉద్యమం 1973లో అందుకే పుట్టింది. ఆ తర్వాత నిషేధాలు, 1996 డిసెంబర్‌లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వు. అడవికి అవి అవసరమే, కాదనను. కానీ ఫలితం చూడండి. వందేళ్ళు రైలుకీ గుత్తేదారుకీ పోయిన కర్ర, చివరికి ఆ ఇళ్ళు కట్టినవాళ్ళకే లేకుండా పోయింది. సిమెంటు బస్తా మాత్రం రోడ్డున్న ప్రతి ఊరికీ వచ్చింది.

కాబట్టి నగరాల్లో మళ్ళీ కాఠ్ కుణి కడదామనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఒక్క ఇంటికి అంత దేవదారు మింగే పద్ధతిని లక్షల జనాభాకి పెట్టలేం. నిప్పు భయం కూడా ఉంది, 2008 జనవరిలో మలాణా ఊళ్ళో ఇళ్ళు ఎలా తగలబడ్డాయో తెలిసిందే. బొంతగోడ వేరు. దానికి సన్నకర్ర చాలు, దేవదారే కానక్కర్లేదు, మధ్యలో నింపడానికి అక్కడ దొరికే మట్టీ రాయీ చాలు.

ఇది ఊహ కాదు. 2005 అక్టోబర్ 8న కాశ్మీరు భూకంపంలో పాకిస్తాన్ వైపు 73,000 మందికి పైగా చనిపోయారు. కూలినవాటిలో సిమెంటు దిమ్మల ఇళ్ళు, కాంక్రీటు బడులు ఎన్నో. సర్కారు మొదట్లో కొత్త ఇల్లు సిమెంటుతో కడితేనే సాయం అంది. కానీ కొండమీదికి సిమెంటు మోసేదెవరు? జనం పడ్డ ఇళ్ళ కర్రలూ రాళ్ళూ ఏరుకుని, తాతలనాటి ధజ్జీ తామే కట్టుకోవడం మొదలెట్టారు. అది చూసి పునర్నిర్మాణ సంస్థ దాన్ని కూడా ఆమోదించింది. వడ్రంగులకి శిక్షణ ఇచ్చారు. పెషావర్ ఇంజనీరింగ్ యూనివర్సిటీలో గోడ కట్టి, ఊపి పరీక్షించారు. లక్షకి పైగా ఇళ్ళు లేచాయి. ప్రభుత్వం ముందు నడిచి జనం వెనక రావడం మామూలు. ఇక్కడ తిరగబడింది.

అవి ఎక్కువగా పల్లె ఇళ్ళే, నిజం. కానీ సిమ్లా చూడండి. 1864లో వేసవి రాజధాని అయ్యాక ఇంగ్లీషువాళ్ళే అక్కడ ధజ్జీ గోడలతో బంగళాలు కట్టారు. పాతికవేల మందికని అనుకున్న ఊళ్ళో 2011 నాటికి 1.7 లక్షల మంది. నిటారు వాలు మీద సన్నని కాంక్రీటు కాళ్ళతో అయిదారంతస్తులు. 2017లో గ్రీన్ ట్రిబ్యునల్ రెండున్నర అంతస్తులు మించొద్దంది. 2023 ఆగస్టు వానలకి కొండచరియలు విరిగి మనుషులు పోయారు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ట్రిబ్యునల్ ఉత్తర్వు కొట్టేసి ప్రభుత్వ ప్రణాళికకి దారిచ్చింది. ఎన్ని అంతస్తులు అన్నదాని మీద ఇంత కొట్లాట జరిగింది గానీ, ఆ అంతస్తులు దేనితో కట్టాలి, ఎంత బరువుండాలి అన్నది పెద్దగా చర్చకే రాలేదు. మట్టి గోడంటే జనాభా లెక్కల కాయితంలో కచ్చా గోడ. 1885ని చూసిన శ్రీనగర్ ఇల్లయినా సరే, పచ్చి ఇటుక గోడైతే ఆ గడిలోనే టిక్కు పెడతారు.