మిగిలిన కూరగాయలు, తెలుగింటి పులుసు

కోసిన క్షణం నుంచే కూరగాయ వాడిపోవడం మొదలవుతుంది కనుక, దానిని ఏ పూటకాపూట వండుకోవడమా, ఎండబెట్టి దాచుకోవడమా, మిగిలినవాటినన్నిటినీ కలిపి ఒకే వంటగా చేసుకోవడమా అన్న ప్రశ్న శాకాహార గృహాలన్నిటికీ ఎదురవుతూనే వచ్చింది. తెలుగు ఇళ్లలో ఈ మూడు మార్గాలూ ఫ్రిజ్ రాకకు ఎంతో ముందే స్థిరపడ్డాయి. వారాంతాన ఫ్రిజ్ అడుగు అరలో మిగిలిన ఆనపకాయ ముక్క, ఒక మునగకాయ, నాలుగు బెండకాయలు నేడు పులుసుగా మారుతున్నాయంటే, ఆ వంట వెనుక ఉన్నది పాత పద్ధతే.

ఎండబెట్టి దాచుకునే పద్ధతికి సాహిత్యంలో మంచి సాక్ష్యం ఉంది. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు తన ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు ఋతువును బట్టి అతిథులకు పెట్టే భోజనాన్ని వర్ణించాడు. వానాకాలపు విస్తరిలో అన్నం, పప్పు, నెయ్యి, నాలుగైదు కూరలు, పెరుగుతో పాటు వడియాలూ వరుగులూ కనిపిస్తాయి. జడివానలకు తాజా కూరలు కరవయ్యే రోజుల కోసం వేసవి ఎండను ముందుగానే ఇంట్లో నిల్వచేసుకునే అలవాటు అప్పటికే ఉందని దీనిని బట్టి తెలుస్తుంది. చలికాలపు భోజనంలో కూరలకు మిరియపు పొడి, వాటి పక్కన ముక్కు అదరగొట్టే ఆవపచ్చళ్లు ఉన్నాయే గాని మిరపకాయ లేదు. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ఓడల్లో వచ్చి, ఆ తరవాత క్రమంగా తెలుగు వంటలో స్థానం సంపాదించుకుంది. ఆబ్దికపు వంటలో మిరపకు బదులు మిరియాలు వాడి, బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ వంటివాటిని విడిచిపెట్టే ఆచారం నేటికీ చాలా ఇళ్లలో సాగుతున్నది కనుక, వెనుకటి వంటింటి స్వరూపం కొంత అందులో నిలిచి ఉన్నదనుకోవచ్చు.

వరుగు అంటే ముక్కలుగా తరిగి ఉప్పు పట్టించి గలగలలాడేలా ఎండబెట్టిన కూరగాయ. వంకాయ, గోరుచిక్కుడు, కాకర, దోస, మామిడి ఇందుకు అనువైనవి. బూడిద గుమ్మడి ముక్కలకు ఉప్పు చల్లి, మూటగట్టి నీరు పిండి, మినప్పిండి రుబ్బులో కలిపి ఎండలో పెడితే అవి గుమ్మడి వడియాలవుతాయి. ఈ పొదుపు తొక్కల దాకా సాగింది. బీరకాయ తొక్కు పచ్చడిగా మారింది. అరటి గెల కోశాక మిగిలిన బోదెలోని దవ్వ ఆవపెట్టిన కూర అయింది.

ఇక తాజాగా ఉండి కొద్దికొద్దిగా మిగిలిన కూరగాయలను వాడుకునేందుకు అనువైన వంట ముక్కల పులుసు. దీనినే దప్పళమనీ అంటారు. ఏ ఒక్క కూరగాయపైనా ఆధారపడకపోవడం దీని విశేషం. చింతపండు పులుపు, కాస్త బెల్లం, చిక్కదనానికి బియ్యప్పిండి గాని శనగపిండి గాని, చివర ఇంగువ, మెంతులు, ఆవాలు, ఎండుమిరపకాయల పోపు ఉంటే చాలు, ముక్కలు ఏవైనా సరిపోతాయి. అయితే వాటిని వేసే వరుస మాత్రం ముఖ్యం. పులుపు తగిలితే కూరగాయ గట్టిబడి త్వరగా మెత్తబడదు కనుక, మునగ, గుమ్మడి, చిలగడదుంప ముందుగా ఉప్పునీటిలో ఉడకాలి. బెండకాయ జిగురు వదలకుండా నూనెలో వేగాలి. చింతపండు రసం ఆ తరవాతే పడాలి. ఈ వరుస తెలిసిన ఇల్లాలికి కొలతలతో పని ఉండేది కాదు. సంక్రాంతి నాడు కొన్ని ఇళ్లలో ఇదే కలగలుపు కలగాయ కూరగా పండుగ భోజనంలో గౌరవం పొందింది కనుక, దీనిని లేమికి పుట్టిన వంటగా మాత్రమే చూడడం సరికాదు.

గోద్రెజ్ సంస్థ 1958లో దేశంలోనే ఫ్రిజ్‌లు తయారుచేయడం మొదలుపెట్టినా, అవి మధ్యతరగతి ఇళ్లలో విస్తారంగా కనిపించింది 1991 ఆర్థిక సంస్కరణల తరవాతే. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు ఆరంభమయ్యే నాటికి ఒకేసారి వారానికి సరిపడా కూరలు కొనుక్కోవడం పట్టణాలలో తేలికైంది. దీనితో వరుగుల అవసరం తగ్గింది గాని మిగులు తగ్గలేదు. ఒకప్పుడు కాపు విరగబడి మిగిలేది, ఇప్పుడు కొనుగోలు ఎక్కువై మిగులుతున్నది. పైగా చల్లదనం అన్నిటికీ ఒకేలా మేలు చేయదు. ఆకుకూరలు అందులో తాజాగా నిలుస్తాయి. వంకాయ, దోసకాయ, బెండకాయ ఉష్ణప్రాంతపు పంటలు కావడం చేత, 10 డిగ్రీల లోపు చలిలో కొద్ది రోజులుంటే మచ్చలు తేలి మెత్తబడతాయి. పులుసులోకి మొదట పోవలసినవి ఇవే.

ఏ కూర ఎన్నాళ్లు నిలుస్తుందో, ఏది ముందు ఉడకాలో, ఏ తొక్క పచ్చడికి పనికివస్తుందో ఎరిగి ఉండడమే ఈ సంప్రదాయానికి ప్రాణం. ఈ ఎరుకలో చాలా భాగం గ్రంథాలకెక్కకుండా ఆడవారి చేతుల మీదుగా తరతరాలుగా సాగివచ్చింది కనుక, రాజుల దానశాసనాలను సేకరించినంత శ్రద్ధతో దీనినీ నమోదు చేయడం తెలుగు చరిత్రకారులు ఇకనైనా చేపట్టవలసిన పని.