చివరి మూడు రోజులు: గుడ్డు పొదిగిన చరిత్రలో మన అవ్వల చోటు

మన బడి పుస్తకాల్లో చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, కోటలు. కోడిగుడ్డు నుంచి పిల్లను తీయడానికి మనిషి పడిన తంటాలకు కూడా ఒక చరిత్ర ఉంది. రాతలో దొరికేదే రెండువేల మూడు వందల ఏళ్ల నాటిది. రాతకెక్కనిది అంతకంటే పాతది. ఆ రాతకెక్కని దాంట్లోనే మన గూడేలు, మన అవ్వలు ఉన్నారు.

కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుందని మన పిల్లలందరికీ తెలుసు. ఈ 21 రోజుల్లో మొదటి 18 రోజులది ఒక పద్ధతి, చివరి మూడు రోజులది ఇంకో పద్ధతి. ఈ తేడా తెలియకనే ఎన్నో గుడ్లు లోపల పూర్తిగా తయారైన పిల్లతోనే చచ్చిపోతాయి. పెట్టకు ఈ తేడా ఎవరూ నేర్పలేదు. మనిషి మాత్రం దాన్ని ఒక్కొక్క ముక్కగా, వందల ఏళ్లు తీసుకుని నేర్చుకున్నాడు. ఈ వ్యాసం ఆ నేర్చుకున్న కథ గురించి, ఇప్పుడు మనం పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్న ఒక గుణం గురించి.

గుడ్డు లోపల ఏం జరుగుతుంది?

ముందు ఇది తెలిస్తేనే చరిత్ర అర్థమవుతుంది. గుడ్డు పెంకుకు కంటికి కనిపించని వేల రంధ్రాలు ఉంటాయి. పొదుగు సాగే కొద్దీ లోపలి నీరు వాటి గుండా ఆవిరై పోతుంది. 18 రోజులకు గుడ్డు తన బరువులో వందకు 11 నుంచి 13 వంతులు కోల్పోతుంది. అలా ఖాళీ అయిన చోట, గుడ్డు లావు వైపున, గాలి గది పెద్దదవుతుంది.

మొదటి 18 రోజులు గుడ్డును రోజుకు కొన్నిసార్లు తిప్పాలి. లేకపోతే పిండం పొరకు అతుక్కుపోతుంది. పెట్ట తన ముక్కుతో, కాళ్లతో ఈ పని చేస్తూనే ఉంటుంది. 18వ రోజు వచ్చేసరికి పిల్ల గుడ్డునంతా నింపేస్తుంది. తలను కుడి రెక్క కింద పెట్టి, ముక్కును గాలి గది వైపు తిప్పుకుంటుంది. ఇక దాన్ని కదిలించకూడదు. 19వ రోజు ప్రాంతంలో లోపలి పొరను పొడిచి గాలి గదిలోకి ముక్కు పెడుతుంది. ఊపిరితిత్తులతో మొదటి శ్వాస అక్కడే. ఆ రోజుల్లోనే మిగిలిన పచ్చసొన బొడ్డు గుండా పొట్టలోకి వెళ్లిపోతుంది. పిల్ల బయటికొచ్చాక రెండు రోజులు మేత లేకపోయినా బతికేది ఆ సొన బలంతోనే. 20వ రోజు ముక్కు కొన మీది చిన్న మొనతో పెంకును చిట్లగొడుతుంది. ఆ తర్వాత అరపూట నుంచి ఒక రోజు దాకా ఆగుతుంది. మనకు అది అలసి ఆగినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ సమయంలో పొరల్లోని రక్తం పిల్ల ఒంట్లోకి చేరుతూ ఉంటుంది. జాలిపడి పెంకు ఒలిస్తే నెత్తురు కారి పిల్ల చచ్చిపోతుంది.

ఈ మూడు రోజులకు మూడే సూత్రాలు: తిప్పవద్దు, తేమ పెంచు, ముట్టుకోవద్దు.

ఈజిప్టు పొయ్యిలు, చైనా గంపలు

పిల్ల గుడ్డులో ఎలా పెరుగుతుందో రోజు రోజుకూ గుడ్లు పగలగొట్టి చూసి రాసిన వారిలో గ్రీకు పండితుడు అరిస్టాటిల్ ముఖ్యుడు. ఆయన క్రీస్తు పూర్వం 4వ శతాబ్దం వాడు. మూడో రోజుకు గుండె ఒక నెత్తుటి చుక్కలా కొట్టుకోవడం, ఇరవయ్యో రోజు ప్రాంతంలో గుడ్డు తెరిచి తాకితే పిల్ల కదిలి కిచకిచమనడం ఆయన రాశాడు. ఈజిప్టులో కోడి లేకుండానే, పేడ కుప్పల్లో పాతిపెట్టి గుడ్లు పొదిగిస్తారని కూడా ఆయన రాశాడు.

ఆ ఈజిప్టు వాళ్లే తర్వాత మట్టి ఇటుకలతో పెద్ద పెద్ద పొదుగు ఇళ్లు కట్టారు. నడుమ నడవ, రెండు పక్కలా గదులు. ఒక్కో గదికి కింద అర, పైన అర. కింద గుడ్లు, పైన పేడ, గడ్డి వేసి రాజేసిన నిప్పు. వేల గుడ్లు ఒకేసారి పొదిగేవి. థర్మామీటరు లేని కాలం అది. పనివాడు గుడ్డును తన కనురెప్పకు ఆనించి వేడి చూసేవాడు. వంటిమీద కనురెప్ప చర్మం పలచన కదా, కొంచెం తేడా వచ్చినా తెలిసిపోతుంది. ఆ వాడుక తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది, బయటివాళ్లకు చెప్పేవాళ్లు కాదు.

ఇక్కడ మన విషయానికి ముఖ్యమైనది ఒకటుంది. పొదుగు సగం దాటాక ఈ పొయ్యిల్లో నిప్పు తగ్గించి, తర్వాత ఆర్పేసేవారు. గుడ్లను పై అరల్లోకి కూడా సర్దేవారు. ఎందుకంటే పెరిగిన పిల్ల తన వేడి తానే పుట్టిస్తుంది. వేల గుడ్లు ఒక్కచోట ఉంటే ఆ వేడే గదికి సరిపోతుంది. ‘మొదటి రోజులకూ చివరి రోజులకూ పని వేరు’ అన్న సంగతి మనిషికి తెలిసిందనడానికి ఇది పాత సాక్ష్యం.

చైనాలో కూడా ఇదే తెలివి ఇంకో దారిలో వచ్చింది. అక్కడ గంపల్లో, మట్టి పాత్రల్లో గుడ్లు పెట్టి, వేడి చేసిన ధాన్యంతోనో బొగ్గు నిప్పుతోనో కాక ఇచ్చేవారు. పాత గుడ్ల వేడిని కొత్త గుడ్లకు పంచేవారు. చివరి రోజుల్లో గుడ్లను పాత్రల్లోంచి తీసి, వెడల్పాటి బల్లల మీద పరిచి, పైన బొంతలు కప్పేవారు. అక్కడ వేరే నిప్పు ఉండదు. అమెరికా వ్యవసాయ శాస్త్రవేత్త ఎఫ్.హెచ్. కింగ్ చైనా వెళ్లి చూసి రాసిన పుస్తకం 1911లో అచ్చయింది. అక్కడి పనివాళ్లు కూడా గుడ్డును కంటికి ఆనించి వేడి చూస్తారని ఆయన రాశాడు. ఈజిప్టు ఎక్కడ, చైనా ఎక్కడ! బడికి వెళ్లని రెండు జాతుల పనివాళ్లు ఒకే కొలమానం కనిపెట్టారు.

థర్మామీటరు వచ్చాక

ఫ్రాన్స్ దేశపు శాస్త్రవేత్త రియోమ్యూర్ ఈజిప్టు పొయ్యిల గురించి విని, తన దేశంలో ఆ పని చేయాలనుకున్నాడు. 1749లో దాని మీద పుస్తకం అచ్చేశాడు. గుర్రపు పేడ వేడిలో పీపాలు పెట్టి గుడ్లు పొదిగించాడు. ఆయన దగ్గర థర్మామీటరు ఉంది. అయినా మొదట్లో పేడ ఆవిరి లోపలికి చేరి గుడ్లు చెడిపోయాయి. వేడి ఒక్కటే సరిపోదని, తేమ లెక్క కూడా ఉంటుందని అప్పుడు తేలింది. 1881లో ఇంగ్లండులో హియర్సన్ వేడిని దానంతటదే సరిచేసుకునే యంత్రం తయారుచేశాడు. దాదాపు అదే కాలంలో అమెరికాలోని పెటలూమా ఊళ్లో లైమన్ బైస్ చేసిన యంత్రాలు ఊరూరికీ వెళ్లాయి. 20వ శతాబ్దంలో ఫ్యాన్లు, కరెంటు వచ్చాయి.

నేటి హ్యాచరీకి వెళ్లి చూస్తే రెండు రకాల యంత్రాలు కనిపిస్తాయి. మొదటి 18 రోజులు గుడ్లు తిరిగే అరలున్న యంత్రంలో ఉంటాయి. తర్వాత తిరగని ట్రేలున్న ఇంకో యంత్రంలోకి మారుస్తారు. మొదటి దాంట్లో గాలి తేమ వందకు 50, 55 పాళ్లు. రెండో దాంట్లో 65, 70 పాళ్లు. కోట్ల రూపాయల కర్మాగారంలో జరిగేది కూడా పెట్ట తన గంపలో చేసేదే.

మన అడవి, మన గంప

ఇంటి కోడికి తాత ఎర్ర అడవికోడి. ఈ కోడిని మనిషి మచ్చిక చేసింది ఆగ్నేయాసియా వైపున అని ఇటీవలి జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. కానీ పసుపు కాళ్ల కోడికి ఆ పసుపు మన దక్షిణ భారతపు బూడిద అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. ప్రపంచమంతా తిరుగుతున్న కోళ్లలో మన అడవి రక్తం ఉంది. మన కొండల్లో కూసే అడవికోడి వేటగాడికి మాంసమే కావచ్చు, చరిత్రకారుడికి అది ఒక దస్తావేజు.

ఇక గంప. మన అవ్వలు పొదుగుకు వచ్చిన పెట్టను చూడగానే పోల్చుకుంటారు. రెక్కలు ఉబ్బించి, గొంతులో గుర్రుమంటూ, మేత మీద ధ్యాస లేకుండా ఉంటుంది. గంపలో బూడిదో ఇసుకో పోసి, ఎండు గడ్డి పరిచి, బేసి సంఖ్యలో గుడ్లు పెట్టి, చీకటి మూలన కూర్చోబెడతారు. చివరి రోజులు రాగానే మాట మారుతుంది. ‘గంప దగ్గరికి పోకండి’ అని పిల్లల్ని కసురుతారు. ఎండాకాలమైతే గంప చుట్టూ నీళ్లు చిలకరిస్తారు, తడి గోనె కప్పుతారు. పెంకు చిట్లిన గుడ్డును ఒలవనివ్వరు. పిల్లలు ఆరే దాకా పెట్టను దించరు.

ఇప్పుడు పై సూత్రాలతో పోల్చి చూడండి. తిప్పవద్దు, తేమ పెంచు, ముట్టుకోవద్దు. మూడూ ఉన్నాయి. బూడిద పేలను ఆపుతుంది, చీకటి పెట్టను కుదురుగా ఉంచుతుంది. అయితే అన్నీ ఇలా నిలబడవు. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని గంపలో ఇనుప ముక్క, బొగ్గు వేస్తారు. ఉరుము గుడ్డును చెడగొట్టదు. వానాకాలపు చలికి, తడికి, బెదిరి పెట్ట లేచిపోవడానికి గుడ్లు చెడుతాయి. పెద్దలు చూసింది నిజమే, చెప్పుకున్న కారణం వేరు. మన వాడుకను గౌరవించడమంటే దాన్ని పరీక్షించడం కూడా.

పెట్ట చేసే పని ఇంకొకటి ఉంది, యంత్రం చేయలేనిది. చివరి రెండు రోజుల్లో పిల్లలు పెంకులోంచే కిచకిచమంటాయి. పెట్ట మెల్లగా బదులు పలుకుతుంది. 1960లలో బ్రిటన్‌లో మార్గరెట్ విన్స్ అనే శాస్త్రవేత్త కౌజు పిట్టల గుడ్ల మీద పరిశోధన చేసి, ఒకదానికొకటి తగిలి ఉన్న గుడ్లలోని పిల్లలు టిక్కుటిక్కు మనే చప్పుళ్లతో దాదాపు ఒకేసారి బయటికి వస్తాయని చూపింది. గుడ్డులో ఉండగానే గూడెం మాట మొదలవుతుంది.

పోతున్నది ఏమిటి?

హ్యాచరీ కోడికి పొదుగు గుణం ఉండదు. పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. గుడ్ల వ్యాపారికి అది నష్టం. అందుకని పొదుగుకు రాని పెట్టలనే తరతరాలుగా ఏరి పెంచారు. అలా ఆ గుణం తగ్గిపోయింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు మన గూడేలకు కూడా వచ్చాయి. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే ఇవి రెండు మూడింతలు పెడతాయి. గుడ్డు తినే పిల్లలకు అది మేలే, కాదనను. కానీ అవి పొదగవు. పైగా రెండు జాతులు కలిపి చేసిన రకాలు కాబట్టి, వాటి గుడ్లు పొదిగించినా అదే గుణం నిలవదు. మళ్లీ పిల్లలు కావాలంటే మళ్లీ కొనాలి, బండి రావాలి, కరెంటు ఉన్న చోటి నుంచి రావాలి.

విత్తనం విషయంలో మనకిది ముందే జరిగింది. చోడి, సామ, కొర్ర విత్తనాలు దాచుకున్న ఇళ్లు ఇప్పుడు సంచీ కోసం షాపుకు వెళ్తున్నాయి. విత్తనాల పండుగ మిగిలింది, విత్తనం తగ్గింది. కోడి కూడా అదే దారి పడితే, పండుక్కి కోయడానికి, సంతలో అమ్మి ఉప్పూ నూనె తెచ్చుకోవడానికి ఇంటి ఆడవాళ్ల చేతిలో ఉన్న చిన్న ఆస్తి ఇంకొకరి చేతిలోకి పోతుంది.

అందుకే నా మాట: కొత్త రకం కోడిని పెంచుకోండి, కానీ పొదిగే నాటు పెట్టను మాత్రం కోసుకోవద్దు, అమ్ముకోవద్దు. గూడేనికి నాలుగైదు మంచి పొదుగు పెట్టలున్నా ఆ గుణం నిలుస్తుంది. వాటి పిల్లల్లోంచే ముందు తరానికి పెట్టలను ఏరుకోవాలి.

సంఘానికో హాస్టలుకో చిన్న ఇంక్యుబేటర్ ఉంటే ఇది గుర్తుంచుకోండి. 18వ రోజు చీకట్లో టార్చి వెలుగుకు గుడ్డును పట్టి చూడండి. గాలి గది తప్ప మిగతాదంతా నల్లగా ఉంటే పిల్ల ఉన్నట్టు. వెలుగు దాటిపోయే గుడ్డును, వాసన వచ్చే గుడ్డును తీసేయండి. తిప్పే యంత్రం ఆపండి. కింద జారని గుడ్డ పరవండి, పిల్లల కాళ్లు విడిపోకుండా ఉంటాయి. నీటి పళ్లెం నింపండి. ఫ్యాను ఉన్న యంత్రంలో వేడి 37.5 డిగ్రీల దగ్గర ఉంచండి. మూత వేశాక పిల్లలు లేచి ఆరే దాకా తీయవద్దు. తీసిన ప్రతిసారీ తేమ పోతుంది, పొర ఎండి పిల్లకు బిగుసుకుంటుంది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు పిల్లలతో 21 గళ్ల పట్టీ గీయించండి. ఊళ్లో పొదుగుకు కూర్చున్న ఒక పెట్టను చూసి ఏ రోజు ఏం చేసిందో రాయమనండి. 18వ గడి నుంచి పక్కన ఇంకో గడి పెట్టి, ఇంటి అవ్వ ఏం చెప్పిందో అందులో రాయించండి. అరిస్టాటిల్ రాశాడు కాబట్టి ఆయన పేరు మిగిలింది. మన అవ్వలు చూసింది కూడా తక్కువేమీ కాదు, రాసేవాళ్లు లేకపోయారంతే. ఇప్పుడు రాయడం వచ్చిన పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు.