ధాన్యం లేని పూత: కోడివేపుడు చెప్పే చరిత్ర



ఈ మధ్య మన ఇళ్లలో ఒక కొత్త పథ్యం మాట తరచుగా వినిపిస్తోంది. వరి, గోధుమ, జొన్న, రాగి, మొక్కజొన్న, వీటిలో ఏదీ ముట్టకూడదట. మాంసం, గుడ్లు, కాయగూరలు తినవచ్చట. సరే, పెద్దలు ఎలాగో సరిపెట్టుకుంటారు. కానీ ఇంట్లో పిల్లలు కరకరలాడే కోడిముక్కలు కావాలంటే ఏం చెయ్యాలి? వాటికి పైన పట్టించేది మైదా, బ్రెడ్డు పొడి కదా! ధాన్యం లేకుండా ఆ పూత ఎక్కడి నుంచి తేవాలి? ఈ చిన్న ప్రశ్న పట్టుకుని వెళితే చాలా దూరపు చరిత్ర కనిపిస్తుంది. దారిలో మన సరిహద్దు ఊళ్లు కూడా తగులుతాయి.

ముందు బ్రెడ్డు పొడి సంగతి చూద్దాం. అది యూరప్ వంటింటి పొదుపులోంచి పుట్టిన పద్ధతి. మిగిలి ఎండిపోయిన రొట్టెను పారెయ్యకుండా పొడి చేసి, గుడ్డుసొనలో ముంచిన మాంసానికి అద్ది వేయించేవారు. వియన్నాలో ష్నిట్జెల్ అన్నా, మిలాన్‌లో కోతొలెత్తా అన్నా తయారీ ఇంచుమించు ఇదే. ఫ్రెంచివారి కోత్‌లెత్ అనే మాట ఇంగ్లీషువారి నోట కట్‌లెట్ అయి, దొరల బంగళాల ద్వారా మన దేశానికి వచ్చింది. దక్షిణాదిలో మామూలు ఇళ్లకు గోధుమ అప్పట్లో అరుదు. 1956లో అమెరికాతో కుదిరిన ఒప్పందం మీద గోధుమలు ఓడల్లో దిగిన తరువాతే చౌకదుకాణాల్లో గోధుమ మామూలైంది. 1965లో ప్రభుత్వమే మోడరన్ బేకరీస్ సంస్థను స్థాపించింది. మద్రాసు బుహారీ హోటల్లో చికెన్ 65 పుట్టిందని చెప్పేది కూడా ఆ ఏడాదే. ఆ అంకె గురించి వేరే కథలూ ఉన్నాయనుకోండి. ఏ కథ నిజమైనా, మైదా, కార్న్‌ఫ్లోర్ పూసి కోడిని వేయించడం మన ఊళ్లకు వచ్చింది నిన్నమొన్ననే.

మరి అంతకు ముందు? కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథం రాశాడు. ఆ కల్యాణి నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణ. అందులో అన్నభోగమనే భాగంలో మాంసం వండే తీరులు, పప్పుల పిండితో చేసే వంటకాలు చాలా ఉన్నాయి. అప్పటికి మిరపకాయ మన దేశానికి రాలేదు, కారమంటే మిరియమే. మాంసానికి రుచి రావడానికి గోధుమ అక్కర్లేదని మన ప్రాంతం వారికి అప్పుడే తెలుసన్నమాట.

ధాన్యం మానెయ్యడమనే ఆలోచన కూడా కొత్తదేమీ కాదు. లండనులో విలియం బాంటింగ్ అనే ఆయన రొట్టె, బంగాళదుంప, పంచదార, బీరు చాలావరకు మానేసి బరువు తగ్గాడు. ఆ అనుభవాన్ని 1863లో చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. ఇంకొక కథ ఇంతకంటె ముఖ్యం. హాలండులో విలెం డికె అనే పిల్లల వైద్యుడు, సీలియాక్ అనే పేగుజబ్బు ఉన్న పిల్లలకు గోధుమ మానిపిస్తే నయమవుతోందని గమనించాడు. 1944-45 చలికాలంలో ఆ దేశంలో కరువు వచ్చి రొట్టె దొరకనప్పుడు, ఆ పిల్లలు తెరిపిన పడటం ఆయన నమ్మకాన్ని బలపరిచింది. 1950లో ఆయన దానిమీద సిద్ధాంతవ్యాసం రాశాడు. లోకమంతా ఆకలితో బాధపడిన రోజుల్లో, కొందరు పిల్లలకు రొట్టె లేకపోవడమే మందయింది!

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ జబ్బు ఉన్నవారికి గోధుమ, బార్లీ, రై పనికిరావు. వరి, జొన్న, రాగి వారికి హాని చెయ్యవు. కనుక కోలారులోనో, హోసూరులోనో తాతల నాటి నుంచి రాగిసంగటి తింటున్నవారు, ఏదో పథ్యంలో దాన్ని వద్దన్నారని సిగ్గుపడవలసిన పని లేదు. ఒక పథ్యం శుభ్రమైనదంటే మన కంచంలోది మురికి అని అర్థం కాదు. ధాన్యం మానాలో వద్దో ఎవరి ఒంటిని బట్టి వారు తేల్చుకోవాలి. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా తిండి ఒక్కసారిగా మార్చకూడదు.

ఇక ధాన్యం లేని పూతలు. మన సరిహద్దు ఊళ్ల వెంట నడిస్తే అవి ఒక్కొక్కటిగా దొరుకుతాయి. షోలాపూరు మగ్గాల దగ్గర స్థిరపడిన తెలుగువారికి అక్కడి శేంగా చట్నీ తెలియనిది కాదు. వేరుశనగపప్పు, వెల్లుల్లి, కారం కలిపి దంచిన ఆ పొడే బ్రహ్మాండమైన పూత. గంజాం జిల్లావారికి పక్కనే పలాస ఉంది, జీడిపప్పు నూక ఉంది. వేరుశనగ, జీడిమామిడి రెండూ దక్షిణ అమెరికా నుంచి వచ్చి మనవైపోయినవే. కోరాపుట్ కొండల్లో దొరికే పాలగుండ దుంప పిండి, ధాన్యం కాదు. సేలంలో 1943లో మొదలైన సగ్గుబియ్యం పరిశ్రమకు ముడిసరుకు కర్రపెండలం. పేరులో బియ్యం ఉన్నా అదీ దుంపే. యానాం వారికి సామర్లకోట వైపు సగ్గుబియ్యం దగ్గరే. ఇక బజ్జీల శనగపిండి ఉండనే ఉంది. అది పప్పుజాతి, ధాన్యం కాదు. అయితే కార్న్‌ఫ్లోర్ మాత్రం ధాన్యమే. మొక్కజొన్న అన్న సంగతి చాలామంది మరిచిపోతారు.

చేసే విధానం చెబుతాను. అర కిలో ఎముకలేని కోడిముక్కలు తీసుకుని ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు చెంచాల పెరుగు పట్టించి గంటసేపు ఉంచండి. తడి ఓడ్చి, ముక్కలకు పలచగా పాలగుండ పిండి చల్లండి. గిలకొట్టిన గుడ్డులో ముంచి, వేయించి బరకగా దంచిన వేరుశనగ పొడిలో గాని, ఎండుకొబ్బరి కలిపిన జీడిపప్పు నూకలో గాని దొర్లించి, అరచేత్తో మెల్లగా అదమండి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే పూత ఊడదు. పిండి తడిని పీలుస్తుంది, గుడ్డు వేడికి గట్టిపడి జిగురులా పట్టుకుంటుంది. మందపాటి పెనం మీద కొద్దిగా నూనె వేసి, సన్నని సెగన రెండువైపులా కాల్చండి. సెగ పెంచితే లోపల ఉడకకముందే పప్పు మాడి చేదెక్కుతుంది. ముక్కను కోస్తే లోపల ఎర్రదనం ఉండకూడదు.

సీలియాక్ ఉన్న ఇంట్లో ఇంకో రెండు జాగ్రత్తలు. బజారు ఇంగువలో తరచుగా గోధుమపిండి కలిసి ఉంటుంది, కాబట్టి డబ్బా మీద రాసినది చదవండి. గోధుమ ఆడిన మరలోనే శనగలు ఆడిస్తే ఆ పిండి వారికి పనికిరాదు. ఇంటి జల్లెడ, పెనం కూడా వేరుగా ఉండాలి. వేరుశనగ పడనివారు ఇంటికి వస్తే ముందే చెప్పి వడ్డించండి. ధాన్యం లేదు కదా అని నూనె లెక్క మరిచిపోకండి. జీడిపప్పు, వేరుశనగ రెండింటిలోనూ కొవ్వు ఎక్కువే.

దూరదేశపు పథ్యం కోసం దూరదేశపు డబ్బాలు కొననక్కర్లేదు శ్రోతలారా. షోలాపూరు రోలు, పలాస జీడితోట, కోరాపుట్ కొండ, సేలం మర, ఇవన్నీ మన వాళ్లు బతుకుతెరువు కోసం వెళ్లి స్థిరపడిన చోట్లే, లేదా వాటి పొరుగే. ఆ నేల ఇచ్చినదాన్ని వారు తమ వంటలో కలుపుకున్నారు. మన పిల్లలకు ముక్కతోపాటు ఆ సంగతి కూడా చెప్పి పెడదాం.