కుక్క పుర్రెల సమాధి

స్కాట్లండ్‌కు ఉత్తరాన సముద్రంలో ఆర్క్‌నీ ద్వీపాలున్నాయి. చెట్లు బహు తక్కువ, గాలి మాత్రం ఎడతెగదు. వాటిలో పెద్ద దీవి మీద క్యువీన్ అనే కొండ ఉంది. ఆ కొండవాలులో క్రీ.పూ. 3000 ప్రాంతంలో కట్టిన సమాధి ఒకటి నేటికీ నిలిచి ఉంది. కట్టినవారు నవీన శిలాయుగపు రైతులు. లోహం వారికి తెలియదు.

లోపలికి నడిచి పోలేం. సుమారు ఐదున్నర మీటర్ల ఇరుకు దారిలో పాకుతూ పోవాలి. ఆ పైన నిటారుగా నిలబడగలిగే గది, దాని చుట్టూ చిన్న చిన్న అరలు. సున్నం వాడలేదు. అక్కడి ఇసుకరాయి పలకలుగా చీలుతుంది. ఆ పలకలను పేర్చుతూ, ఒక్కో వరుసనూ కింది వరుస కంటే కొంచెం లోపలికి జరిపారు. అలా పైకి పోయేకొద్దీ గోడలు దగ్గరవుతాయి. వెనక పేర్చిన రాళ్ళ బరువు వాటిని పడిపోకుండా అదిమిపడుతుంది.

1901లో ఇక్కడ తవ్వినప్పుడు కనీసం ఎనిమిదిమంది మనుషుల ఎముకలు బయటపడ్డాయి. వాటితోపాటు 24 కుక్క పుర్రెలు!

ఇన్ని కుక్కలెందుకు? అదే ద్వీపాలలో సౌత్ రొనాల్డ్‌సే అనే చోట, 1958లో ఒక రైతు తన పొలంలో కనుగొన్న సమాధిలో సముద్రపు గద్దల ఎముకలు దొరికాయి. దాంతో ఒక ఊహ పుట్టింది. ఒక తెగకు కుక్క, మరో తెగకు గద్ద కులచిహ్నమని, వాటిని తమ పెద్దల పక్కన ఉంచారని. చక్కని కథే. అయితే పుర్రెల వయసెంతో చూడాలి కదా?

ప్రాణి బతికి ఉన్నంతకాలం ఆహారం ద్వారా దాని ఒంట్లోకి కార్బన్-14 చేరుతూ ఉంటుంది. చచ్చాక చేరదు. ఉన్నది మాత్రం 5,730 ఏళ్ళకు సగం చొప్పున తరిగిపోతుంది. మిగిలినదెంతో కొలిస్తే చనిపోయిన కాలం తెలుస్తుంది. కుక్క పుర్రెలు క్రీ.పూ. 2500 ప్రాంతానివని తేలింది. అంటే సమాధి కట్టిన ఐదు వందల ఏళ్ళ తర్వాతివి! గద్దల ఎముకలదీ ఇదే తీరు. అవి కూడా అక్కడి సమాధి కట్టిన కొన్ని వందల ఏళ్ళకు చేరినవే.

ఐదు వందల ఏళ్ళంటే మనకూ శ్రీకృష్ణదేవరాయలకూ ఉన్నంత దూరం. కట్టినవారి నమ్మకాన్ని ఆ పుర్రెలతో చెప్పబోవడం ఇక కుదరదు. కులచిహ్నం మాట పూర్తిగా కొట్టిపారేయనక్కరలేదు గానీ, అది ఆ పాత సమాధిని మళ్ళీ తెరిచిన తరాల సంగతి కావాలి. ఎప్పుడో పోయిన పూర్వీకుల ఇంట్లోకి వారు కుక్కలను ఎందుకు తెచ్చారన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న అని నాకనిపిస్తుంది.

2019లో ఒక పుర్రెకు సీటీ స్కాన్ తీసి, దాని నమూనా ముద్రించి, కండరాలు, చర్మం, బొచ్చు అమర్చి ముఖాన్ని పునర్నిర్మించారు. ఆ కుక్క పెద్ద కోలీ అంత ఉంటుంది. ముఖంలో తోడేలు పోలికలు ఇంకా పోలేదు.