శ్రీశైలం ఐటీడీఏ: చెంచు గూడేనికి దఫ్తర్ ఎంత దూరం?

కర్నూలు: దఫ్తర్ మారితే ఏమవుతుందో కర్నూలు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. బిల్డింగులు చాలక గుడారాల్లో ఆఫీసులు పెట్టారు. మూడేళ్లు తిరిగేసరికి, 1956 నవంబర్ 1న అన్నీ సర్దుకుని హైదరాబాద్ పోయాయి. 2021లో లోకాయుక్త, మానవ హక్కుల కమిషన్ కర్నూలుకు వచ్చాయి. ఇలాంటివి వచ్చినా పోయినా ఊర్లో చర్చ జరుగుతుంది, పేపర్లలో వస్తుంది.

తూర్పున నల్లమలలో ఉండే చెంచుల విషయంలో అంత చర్చ ఎప్పుడూ జరగలేదు. వాళ్లు ఉన్న చోటే ఉన్నారు. వాళ్ల మీదుగా గీసిన రాష్ట్రం గీత, జిల్లా గీత మాత్రం చాలాసార్లు జరిగింది. గీత జరిగిన ప్రతిసారీ ఫైలు ఇంకో ఊరికి పోయింది. చెంచుల కోసం పెట్టిన ఆఫీసు ఏది, అది ఏం చేస్తుంది, ఏ పనికి ఎవరి దగ్గరకు పోవాలి అనేది ఈ వ్యాసంలో చూద్దాం.

ఐటీడీఏ అంటే ఏంటి?

ఐటీడీఏ అంటే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ. ఐదో పంచవర్ష ప్రణాళిక (1974–79) కాలంలో గిరిజన ఉపప్రణాళికతో పాటు ఈ పద్ధతి వచ్చింది. చదువు, వైద్యం, రోడ్డు, తాగునీళ్లు, సాగు ఒక్కొక్కటీ ఒక్కో శాఖ చేతిలో ఉంటే గిరిజనుడు పది గడపలు తిరగాలి. అందుకే వాటన్నిటినీ ఒక ప్రాజెక్టు అధికారి కిందికి తేవాలన్నది దీని ఉద్దేశం. ఆ అధికారినే జనం పీవో అంటారు.

రాష్ట్రంలోని ఐటీడీఏలు ఎక్కువగా ఉత్తరాంధ్ర, గోదావరి ఏజెన్సీల్లోనే ఉన్నాయి. సీతంపేట, పార్వతీపురం, పాడేరు, రంపచోడవరం ఆ వైపువే. రాయలసీమలో ఉన్నది ఒక్కటే, శ్రీశైలం కేంద్రంగా నడిచేది. ఎక్కువ చోట్ల ఐటీడీఏకు ఒక ప్రాంతం అంటూ ఉంటుంది, ఆ ప్రాంతంలోని గిరిజనులందరినీ చూస్తుంది. శ్రీశైలం ఐటీడీఏ ముఖ్యంగా ఒక తెగ కోసం పుట్టింది, ఆ తెగ చెంచులు. వాళ్లు ఒక్క చోట లేరు. కొండల్లో, లోయల్లో, చిన్న చిన్న పెంటల్లో, గూడేల్లో చెదిరి ఉంటారు. ఆత్మకూరు వైపు బైర్లూటి, నాగలూటి, అడవి లోపల పెచ్చెర్వు, పాత ప్రకాశం జిల్లా వైపు పాలుట్ల, చింతల ఇలాంటివే. అందుకే ఈ ఒక్క ఆఫీసు కింద చాలా జిల్లాలు పడ్డాయి.

చెంచులు ఎవరు?

తేనె, గడ్డలు, బంక, వేట మీద బతికిన అడవి జనం. కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్తంగా 75 తెగలను ‘ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలు’గా గుర్తించింది. అందులో చెంచులు ఉన్నారు. 2001 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో వీళ్లు 49,232 మంది. 2011 నాటికి 64,227 మంది. రాష్ట్రం విడిపోయాక ఆ లెక్కను పంచితే ఆంధ్రప్రదేశ్‌లో 47,315, తెలంగాణలో 16,912.

గుళ్ల కథల్లో మాత్రం వీళ్లకు పెద్ద చోటే ఉంది. శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లయ్య అంటారు, తమ అల్లుడిగా చూస్తారు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని చెప్తారు. కనుమ రోజు మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి ఊరూరా తిరిగి తన పెళ్లికి జనాన్ని పిలుస్తాడు.

గీత ఎన్నిసార్లు జరిగింది?

మొదటి గీత కృష్ణా నది. 1948 వరకు నదికి ఉత్తరాన అమ్రాబాద్ వైపు నిజాం రాజ్యం, దక్షిణాన కర్నూలు వైపు బ్రిటిష్ మద్రాసు ప్రెసిడెన్సీ. ఒకే తెగ, ఒకే అడవి, రెండు సర్కార్లు.

1940లో క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త అమ్రాబాద్ కొండల్లో చెంచుల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని రాసుకున్నాడు. 1943లో ఆ పుస్తకం వచ్చింది. ఆ తర్వాత నిజాం సర్కార్ ఆయన్ను గిరిజన వ్యవహారాల సలహాదారుగా పెట్టుకుంది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే కన్సల్టెంట్. ఆయన చెంచులను దఫ్తర్‌కు పిలిపించుకుని రిపోర్టు రాయలేదు, వాళ్ల పెంటలకు తానే పోయాడు. నిజాం సర్కార్ 1940లలో అమ్రాబాద్ వైపు చెంచుల కోసం ప్రత్యేకంగా ఒక రిజర్వు కేటాయించింది.

ఆ తేడా ఇప్పటికీ కనిపిస్తుంది. 1950లో రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద షెడ్యూల్డ్ ప్రాంతాలను ప్రకటించినప్పుడు అప్పటి అచ్చంపేట తాలూకా ఊర్లు జాబితాలోకి వచ్చాయి, మన్ననూరు కూడా వాటిలో ఒకటి. కర్నూలు వైపు ఒక్క గూడెం కూడా రాలేదు. ఐదో షెడ్యూల్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకుండా భూబదలాయింపు నిబంధనలు అడ్డుంటాయి. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు అధికారాలు ఇస్తుంది. నది దాటి ఇవతలికొస్తే ఆ రెండూ వర్తించవు. రాయలసీమలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు.

1956లో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రం కిందికి వచ్చాయి. 1970 ఫిబ్రవరి 2న ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపు ప్రాంతం అందులోకి పోయింది. దాంతో నల్లమల తూర్పు వాలులోని చెంచులకు కలెక్టర్ దఫ్తర్ ఒంగోలు అయింది.

2014 జూన్ 2న నది మళ్లీ రాష్ట్రాల మధ్య గీత అయింది. అప్పటిదాకా శ్రీశైలం ఐటీడీఏ చూసిన మహబూబ్‌నగర్, నల్గొండ, రంగారెడ్డి జిల్లాల చెంచులు తెలంగాణ కిందికి పోయారు. వాళ్ల ఐటీడీఏ ఇప్పుడు మన్ననూరులో ఉంది. శ్రీశైలానికి మిగిలింది పాత కర్నూలు, ప్రకాశం, గుంటూరు జిల్లాల చెంచులు.

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా కూడా విడిపోయింది. శ్రీశైలం, ఆత్మకూరు, అహోబిలం నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. కర్నూలు కలెక్టరేట్‌లో ఉండాల్సిన నల్లమల ఫైళ్లు నంద్యాల చేరాయి.

దూరమే అసలు సమస్య

కర్నూలు నుంచి శ్రీశైలం రోడ్డు మీద సుమారు 180 కిలోమీటర్లు. ఆత్మకూరు దాటాక ఘాట్ రోడ్డు, పులుల అడవి. అడవి రోడ్ల మీద రాత్రిపూట రాకపోకలకు ఆంక్షలు ఉంటాయి. లోపలి పెంటల్లో ఉండేవాళ్లు ముందు రోడ్డు దాకా నడిచి రావాలి. పొద్దున బయల్దేరి ఒక సంతకం కోసం పోతే, సార్ మీటింగ్‌లో ఉన్నాడంటే ఆ రోజు కూలి పోయినట్టే. మళ్లీ రమ్మంటే ఇంకో రోజు కూలి. కాగితం ఖర్చు లేకపోయినా తిరుగుడు ఖర్చుకే చాలామంది అర్జీ వదిలేస్తారు.

2022 మార్పులో చెంచులకు పనికొచ్చేది ఒకటుంది. ఆత్మకూరులో కొత్తగా రెవెన్యూ డివిజన్ వచ్చింది. అటవీ హక్కుల అర్జీలు గ్రామసభ తర్వాత సబ్ డివిజన్ స్థాయి కమిటీకే పోతాయి. కాబట్టి బైర్లూటి, నాగలూటి వైపు వాళ్లకు ఆ మెట్టు దగ్గరైంది. దగ్గరైన సంగతి గూడెంలో ఎంతమందికి తెలుసన్నదే ప్రశ్న.

ఏ పనికి ఎక్కడికి పోవాలి?

*అడవి భూమి పట్టా:* అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, 2008 నుంచి అమల్లో ఉంది. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం కాకపోయినా వర్తిస్తుంది. అందుకే కర్నూలు వైపు చెంచులకు ఇదే ముఖ్యమైన ఆసరా. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికి గిరిజన కుటుంబం గరిష్ఠంగా 4 హెక్టార్ల దాకా హక్కు అడగొచ్చు. అర్జీ మొదలయ్యేది గ్రామసభ దగ్గర, ఐటీడీఏ దగ్గర కాదు. గ్రామసభ నియమించిన అటవీ హక్కుల కమిటీ వచ్చి చూస్తుంది. తర్వాత సబ్ డివిజన్ కమిటీ, ఆపైన కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ. కాదంటే 60 రోజుల్లోగా పైకమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. వచ్చిన పట్టా పిల్లలకు వారసత్వంగా పోతుంది, అమ్మడానికి మాత్రం కుదరదు.

*తేనె, బంక, గడ్డలు:* ఇవి సామూహిక హక్కుల కింద వస్తాయి. వ్యక్తిగత అర్జీకి ‘ఎ’ ఫారం, సామూహిక హక్కుకు ‘బి’ ఫారం, ఊరంతా కాపాడుకుంటున్న అడవి వనరులకు ‘సి’ ఫారం. చెంచుల్లాంటి తెగలకు తాము తిరిగే అడవి మొత్తం మీద ఆవాస హక్కు అడిగే వీలు కూడా చట్టంలోని సెక్షన్ 3(1)(ఇ)లో ఉంది. తెచ్చిన తేనె, తపసి బంక, కుంకుళ్లు కొనేది గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ. 1956లో పుట్టిన ఈ సంస్థ హెడ్డాఫీసు విశాఖపట్నంలో ఉంది.

*ఇల్లు:* 2023 నవంబర్ 15న కేంద్రం పీఎం జన్‌మన్ పథకం మొదలుపెట్టింది. ఇది 75 బలహీన తెగలకే. మొత్తం సుమారు 24,104 కోట్ల రూపాయలు. పక్కా ఇల్లు, రోడ్డు, నల్లా నీళ్లు, కరెంటు, అంగన్‌వాడీ, మొబైల్ టవర్ లాంటి 11 పనులు ఇందులో ఉన్నాయి. ఇంటికి మరుగుదొడ్డి, ఉపాధి హామీ కూలితో కలిపి 2.39 లక్షలు లెక్క. దీని గురించి అడగాల్సింది ఐటీడీఏలోనే. ఆధార్, బ్యాంకు ఖాతా, కుల ధ్రువీకరణ పత్రం ముందే ఉంచుకోవాలి.

*అడవి ఖాళీ చేయమంటే:* నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1983 నుంచి పులుల అభయారణ్యం. పులుల కోర్ ఏరియా నుంచి బయటికి వచ్చే కుటుంబానికి ప్యాకేజీ 10 లక్షలు ఉండేది, 2021లో 15 లక్షలు చేశారు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే: పోవడం ఇష్టపూర్వకంగా ఉండాలి. అటవీ హక్కుల లెక్క తేలకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరినీ కదిలించకూడదు. నోటి మాటగా చెప్పింది చెల్లదు, రాతలో అడగాలి.

కడప వైపు సంగతి

నల్లమల కడప జిల్లా దాకా వస్తుంది గానీ అక్కడ గిరిజనులంటే ఎక్కువగా యానాదులు, ఎరుకలు, సుగాలీలు. వీళ్లు చెంచుల్లా 75 తెగల జాబితాలో లేరు. అందుకే పీఎం జన్‌మన్ ఇల్లు వీళ్లకు రాదు. యానాదుల కోసం నెల్లూరులో ఐటీడీఏ ఉంది. కడపలో అలాంటిది లేదు కాబట్టి ఇక్కడి వాళ్లు పోవాల్సింది కలెక్టరేట్‌లోని జిల్లా గిరిజన సంక్షేమ అధికారి దగ్గరకు. అటవీ హక్కుల చట్టం మాత్రం వీళ్లకూ ఉంది. చాలామందికి ఈ తేడా తెలియక శ్రీశైలం పోయి ఉత్త చేతులతో తిరిగొస్తారు.

చివరగా

దఫ్తర్ అన్న మాట మనది. అర్జీ, పట్టా, తహసీల్, జిల్లా ఇవన్నీ నవాబుల నాటి నుంచి ఈ సీమలో వాడుకలో ఉన్నవే. ఆ మాటలు చెంచు గూడెం దాకా పోయాయి, ఆ మాటల వెనక ఉండాల్సిన పని అంత తొందరగా పోలేదు. రేపు ఇంకో జిల్లా ఏర్పడొచ్చు, ఇంకో ఆఫీసు ఇంకో ఊరికి మారొచ్చు. అప్పుడు గూడెంలో గ్రామసభ పెట్టి, ‘మీ ఫైలు ఇకపై ఫలానా చోట ఉంటుంది, ఫలానా రోజు మేమే వస్తాం’ అని చెప్పే బాధ్యత సర్కార్‌ది. ఎనభై ఏళ్ల కింద పరదేశం నుంచి వచ్చిన ఒక మనిషి పెంటల దాకా నడిచి పోగలిగాడు. జీపులున్న దఫ్తర్‌కు అది కష్టమేం కాదు.

ఆత్మకూరు, శ్రీశైలం, వెలుగోడు వైపు ఉండే మన పాఠకుల్లో చెంచులతో రోజూ వ్యవహారం ఉన్నవాళ్లు చాలామంది. పైన చెప్పిన మూడు మాటలు వాళ్లకు చెప్పండి: పట్టా అర్జీ గ్రామసభ దగ్గర మొదలవుతుంది, ఇంటి సంగతి ఐటీడీఏలో అడగాలి, పట్టా అర్జీ కాదంటే రాతపూర్వకంగా తీసుకుని 60 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి.